మనుషులుండని వరస

మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను హబ్సిగూడలో ఒక కొత్త ఆఫీసు బాత్రూంలో ఉన్నాను. అవతల మాట్లాడింది ఆవిడ చెల్లెలు. "అక్క పొద్దున్నే పోయింది బాబూ. నిద్రలోనే. నీకు చెప్పాలనిపించింది" అన్నారు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. కాసేపటికి లైటు ఆరిపోయింది. మనిషి కదిలితే వెలిగి, కదలకపోతే ఆరిపోయే రకం లైటది. అలవాటుగా చెయ్యి పైకెత్తి ఊపాను. వెలిగింది. అలా ఊపినందుకు నా మీద నాకే రోత పుట్టింది. ఎందుకో చెప్పాలంటే మేడం సంగతి చెప్పాలి.

ఆవిడ చేసే పని ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. మా అమ్మకైతే "లైట్ల ఇంజనీరు" అని చెప్పి తప్పించుకున్నాను. కరెంటు తక్కువ వాడే భవనాలకు గ్రీన్ బిల్డింగ్ అని సర్టిఫికెట్ ఇస్తారు. గోడలకు పటం కట్టించుకుని తగిలించుకుంటారు. ఆ సర్టిఫికెట్ కావాలనుకున్న గోడౌన్ల వాళ్లు తార్నాకలో టిఫిన్ సెంటరు మీద ఉన్న మా రెండు గదుల ఆఫీసుకు మెట్లెక్కి వచ్చేవాళ్లు. ముందుగా గోడౌన్లో ఏది మనుషులుండే చోటు, ఏది కాదు అని విడదీయాలి. రోజుకు గంటకు మించి ఒక మనిషి కూర్చునో, నిలబడో పనిచేస్తే అది మనుషులుండే చోటు. అక్కడ నిలకడగా వెలిగే లైటుండాలి, పగటి వెలుతురు పడాలి, గాలి ఆడాలి. తక్కినదంతా సరుకుండే చోటు. అక్కడ లైటు ఎంత ఆరిపోతే అంత గ్రీను. ప్లాన్లు నేను గీసేవాణ్ని. ఏ చోటు ఏదో తేల్చేది ఆవిడ.

ఆవిడది కోస్తా. హైదరాబాదు ఎప్పుడొచ్చారో, పెళ్లెందుకు చేసుకోలేదో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. మాది నల్లగొండ దిక్కు. కోపం వస్తే నన్ను "అయ్యా ఆర్కిటెక్టు గారూ" అనేవారు. మామూలుగా ఉంటే "ఏమయ్యా". ఉత్సాహంగా ఉంటే "ఏమయ్యా తెలంగాణా".

గోడౌన్‌కి వెళ్తే ఆవిడ చేసే మొదటి పని నేల మీద కూర్చోవడం. నేత చీర కుచ్చిళ్లు సర్దుకుని, బాసింపట్టు వేసుకుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, నోరు మూసుకుని కూర్చునేవారు. ఇక్కడ కాసేపు, లేచి వెళ్లి అక్కడ కాసేపు. మేనేజర్లు కంగారుపడి కుర్చీల కోసం పరిగెత్తేవాళ్లు. "కుర్చీ ఎందుకు బాబూ? ఇక్కడ పనిచేసేవాళ్లకిచ్చారా?" అని అడిగేవారు. వాళ్లు నా మొహం చూసేవాళ్లు. నేను సరుకు పేర్చిన రాక్‌ల మొహం చూసేవాణ్ని.

కూర్చుని ఏం చూసేవారంటే, మనిషి ఆనవాళ్లు. మేకుకు వేలాడుతున్న టిఫిన్ సంచి. తల ఆనించగా ఆనించగా గోడకు పట్టిన నూనె మరక. అన్నిటికంటే ఆవిడ ఎక్కువగా వెతికేది బొట్టుబిళ్లల్ని. గోడౌన్లో ఆడవాళ్లు చెమట తుడుచుకునేటప్పుడు నుదుటి బొట్టుబిళ్ల తీసి పక్కనున్న ఇనప స్తంభానికి అంటిస్తారు. తిరిగి పెట్టుకోవడం మర్చిపోతారు. ఒకసారి చర్లపల్లి వైపు ఒక మేనేజరు, ఈ మూల ఉత్త సరుకే మేడం, మనుషులు రారు అని గట్టిగా చెప్తున్నాడు. ఆవిడ స్తంభం మీద వరసగా ఎర్రవి, మెరూన్‌వి చూపించి, "మీ సబ్బుపెట్టెలు బొట్టు పెట్టుకుంటాయా నాయనా?" అన్నారు. అతను నవ్వలేకా ఊరుకోలేకా మెడ గోక్కున్నాడు. ఆ మూలకు మూడు లైట్లూ ఒక కిటికీ వచ్చాయి.

"ఉన్నారు అన్నవాణ్ని నమ్మొచ్చయ్యా, చూసే ఉంటాడు. లేరు అన్నవాణ్ని మాత్రం నమ్మకు. వాడు వెతికుండడు" అనేవారు నాతో. తన ఇంటిని కూడా వదల్లేదు. హాల్లో సోఫా, టీవీ, అల్మరా నిండా గాజు బొమ్మలు ఉండేవి. "ఇదంతా సరుకుండే చోటు. వంటింట్లో స్టూలుందే, అదే నా ఇల్లు" అని నవ్వేవారు. నిజంగానే మంచి బల్బు ఆ స్టూలు మీదే వెలిగేది.

తెలంగాణ ఉద్యమం రోజులు. యూనివర్సిటీ గేటు మాకు దగ్గర. క్యాంపస్‌లో బాష్పవాయువు గుండ్లు పేలితే ఆ ఘాటు రోడ్డు దాటి మా ఆఫీసులోకి వచ్చేది. కింద టిఫిన్ సెంటర్లో ఇడ్లీ తింటున్నవాళ్లు కళ్లు తుడుచుకుంటూ తినేవాళ్లు. మేడం తువ్వాలు తడిపి కిటికీ సందుల్లో కుక్కి, నా వైపు తిరిగి, "ఏమయ్యా తెలంగాణా, మీ రాష్ట్రం మీకొచ్చేలోపు నా ప్లాను నాకిస్తావా?" అనేవారు.

"ఇస్త మేడం. రెండు ఒక్కపారే వస్తయ్" అనేవాణ్ని.

ఆ నవ్వు అందరి దగ్గరా ఉండేది కాదు. వీధిలో కొందరు ఆవిడతో మాటలు తగ్గించారు. ఎదురింటాయన ఆవిడ వినేట్టుగానే, వీళ్లెప్పుడు పోతరో అన్నాడొకసారి. ఆవిడ చెప్పులు వేసుకుంటూ విన్నారు, వేసుకున్నారు, నడిచారు. నాకు చాలా సిగ్గేసింది.

క్యాంపస్‌లో ఆవిడ వారానికి ఒక క్లాసు చెప్పేవారు, వెలుతురు గురించే. ఒక మధ్యాహ్నం గొడవ ముదిరింది. గేటు దగ్గర పోలీసు వ్యాన్లు, చెట్ల కింద పిల్లల నినాదాలు, రోడ్డంతా రాళ్లు. క్లాసుకు వెళ్లిన మేడం తిరిగి రాలేదని నేను వెనక దారిన పోయి చూశాను. క్లాసురూంలో ఒక్క విద్యార్థి లేడు. ఆవిడ బల్ల వెనక కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. వాచ్‌మన్ స్విచ్చి మీద చెయ్యి పెట్టి బతిమాలుతున్నాడు.

"లైటు, ఫ్యాను బంద్ చేస్త మేడం. ఎవ్వరు లేరు గద."

"నేను లేనా?" అన్నారు.

వాచ్‌మన్ నన్ను చూసి, జర నువ్వన్నా చెప్పు సారూ అన్నట్టు కళ్లతోనే అడిగాడు. పిరియడ్ అయిపోయేదాకా ఆవిడ లేవలేదు. నేనూ వెనక బెంచీలో కూర్చున్నాను. దారిలో, "పిల్లలు రాకపోవడం వాళ్లిష్టం. ఆర్పేయడానికి మాత్రం నేనింకా సరుకును కాలేదు" అన్నారు. కళ్లు మండుతుంటే చీరచెంగుతో అద్దుకుంటూ నడిచారు. అది ఘాటు వల్లే కాదని నాకు తెలుసు.

ఘట్‌కేసర్ దాటాక ఉన్న గోడౌన్ పని ఆ రోజుల్లోనే వచ్చింది. సబ్బులు, బిస్కెట్లు, షాంపూలు నిలవ చేసే పెద్ద షెడ్డు. మామూలుగా ఆవిడ ఒక చోటికి చెప్పకుండా రెండుసార్లు వెళ్లేవారు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఈసారి కుదరలేదు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఆ తర్వాత సమ్మె. బస్సులు డిపోలు దాటడం లేదు. కంపెనీ వాళ్లు తొందరపెడుతున్నారు. చివరికి ఒక రోజు నా స్కూటర్ మీద సందుల్లోంచి, పొలాల పక్క దారుల్లోంచి వెళ్లాం.

షెడ్డులో మనుషులు పలచగా ఉన్నారు. కొత్తగా వేసిన రంగుతో స్తంభాలన్నీ తళతళలాడుతున్నాయి. అన్నిటికంటే వెనక రాక్‌ల చివరి వరస. ప్లాన్లో అది ఉత్త నిలవ చోటు. మేనేజరు మాతోనే నడుస్తూ, "గీడ ఎవ్వరుండరు మేడం. పెట్టెలు లేపే ఫోర్క్‌లిఫ్ట్ బండి వస్తది, పోతది. గంతే" అన్నాడు.

మేడం ఆ మాట వినీ విననట్టే ఊరుకుని, వరస మధ్యలో నేల మీద కూర్చున్నారు. నేను ఒక అట్టపెట్టె మీద కూర్చున్నాను. గంట దాటినా ఎవరూ రాలేదు. ఆవిడ స్తంభాలు తడిమి చూశారు. రంగు తప్ప ఏమీ లేదు. టిఫిన్ సంచులు లేవు. లేచి వెళ్లి ఆడవాళ్ల బాత్రూం ఎక్కడని అడిగారు. ఇది ఆవిడ ఆఖరి పరీక్ష. షెడ్డు మొత్తం మీద ఆడవాళ్లకు బాత్రూం లేదు. "బాత్రూం లేకుండా ఆడవాళ్లెలా పనిచేస్తారు? అయితే లేరన్న మాటే" అన్నారు నాతో. చివరి వరసను మనుషులుండని చోటని తేల్చారు. ఆ వరసకు కదిలితే వెలిగే లైట్లు పెట్టారు. సర్టిఫికెట్ వచ్చింది. మేనేజరు స్వీట్లు పంపాడు.

ఎవరున్నారో చూడ్డానికి, పనివాళ్లెవరూ రాలేని రోజున వెళ్లాం మేం. ఆ ముక్క మా ఇద్దరిలో ఎవరి బుర్రకూ తట్టలేదు. బంద్ అంటే మాకు రోడ్డు మీది సంగతి, షెడ్డు లోపలి సంగతి కాదు.

ఏడాది దాటాక ఒక పొద్దున కింద టిఫిన్ సెంటర్లో ఉన్నాం. మేడం ఎప్పటిలా జిల్లా పేజీ తిరగేస్తున్నారు. ఉన్నట్టుండి ప్లేటు పక్కకు నెట్టి పేపరు నా ముందు పెట్టారు. గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కి మహిళకు తీవ్ర గాయాలు అని చిన్న వార్త. ఊరి పేరు చదవగానే అది మేం చూసిన గోడౌనేనని తెలిసిపోయింది.

ఆ వారంలోనే వెళ్లాం. షెడ్డుకు కాదు, ఆమె ఇంటికి. ఆమె పేరు యాదమ్మ. రేకుల ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉంది. కుడికాలు మోకాలి దాకా తీసేశారు. మమ్మల్ని కంపెనీ వాళ్లనుకుని లేవబోయింది. మేడం గబగబా పోయి ఆమె మంచం పక్కన నేల మీదే కూర్చున్నారు.

పాడైన పెట్టెలు దుకాణాల నుంచి తిరిగొస్తాయట. వాటిలో బాగున్న సబ్బులు ఏరి మళ్లీ కట్టలు కట్టడం ఆడవాళ్ల పని. కాంట్రాక్టు కింద చేసేవాళ్లు, ఏ రికార్డులోనూ పేర్లు లేనివాళ్లు. చివరి వరసలో అట్టలు పరుచుకుని పొద్దంతా కూర్చునేవాళ్లు.

"కూసున్నమంటే లైటు వోయేది మేడం" అని చెప్పింది యాదమ్మ. "బండి కదిల్తె వస్తది గని, కింద కూసున్న మనిషి దానికి కండ్ల వడదు. లేసి చెయ్యి ఊపాలె. మొదట్ల నవ్వుకునేటోళ్లం, వంతులు వెట్టుకున్నం. నీ వంతు అంటె నీ వంతని. ఆ పొద్దు నా రెండు చేతులు తాడు మీదున్నయ్. ఊపలేకపోయిన. చీకట్లనే కడుతున్న. బండి మలుపు తిరిగినంక లైటొచ్చింది. లైటొచ్చేసరికి బండి మీదికొచ్చింది."

"పోయినేడు మేం చూడ్డానికొచ్చాం. మీరెవరూ లేరే" అన్నారు మేడం.

"సమ్మె గద మేడం. బస్సులు లెవ్వు. ఎట్లొస్తం?"

"మరి బాత్రూం..."

"గోడెన్కకు పోయేటోళ్లం."

తర్వాత యాదమ్మే అడిగింది, మామూలుగా, తెలుసుకుందామని. "గీడ మనుషులుండరు అని ఎవలో రాసిండ్రంట మేడం. అందుకే గా లైట్లు వెట్టిండ్రంట. ఎవలు రాసిండ్రు?"

"నేనే."

నేను తల దించుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. యాదమ్మ మేడం మొహం చూసింది. "మీకేమెరుక మేడం. మేం కనవడకపోతిమి" అంది.

వచ్చేటప్పుడు స్కూటర్ మీద మేడం నా భుజం గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. అబద్ధం చెప్పింది మేనేజరు, మీరు కాదు అని నేను చాలా చెప్పాను. "మేనేజరు చెప్పింది రాయడానికైతే నేనెందుకయ్యా? టైపిస్టు చాలు" అన్నారు. ఆ సాయంత్రమే సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లకూ, కంపెనీకీ రాశారు. చివరి వరస మనుషులుండే చోటు, నేను తప్పుగా తేల్చాను, లైట్లు మార్చాలి, బాత్రూం కట్టాలి, అంతవరకు సర్టిఫికెట్ ఆపండి అని. ఇలా రాస్తే ఇక మన దగ్గరికి ఎవరూ రారని చెప్పాను. "రాకపోనీ" అన్నారు. రాలేదు కూడా.

కంపెనీ నుంచి జవాబు తొందరగానే వచ్చింది. లైట్లు మార్చలేదు. బాత్రూం కట్టలేదు. ఆడవాళ్లను తీసేశారు. చివరి వరసలో మనుషులు కూర్చోరాదని బోర్డు పెట్టి ఫొటో తీసి పంపారు. ఇప్పుడు ఆ వరసలో నిజంగానే ఎవరూ లేరు. మొదట రాసిందే ఇప్పుడు సరిపోయింది, కాబట్టి ఆగిన సర్టిఫికెట్ కదిలేలా మీ అభ్యంతరం వెనక్కి తీసుకోండని మర్యాదగా అడిగారు. మేడం ఆ ఫొటో చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడకు కోపం కూడా రాలేదు, అదే నన్ను భయపెట్టింది. ఆవిడ జవాబు రాయలేదు.

మోకాళ్ల నొప్పుల వల్ల ఆఫీసు మూసేశానని తర్వాత అందరికీ చెప్పారు మేడం. మోకాళ్లు కాదు. అసలు కారణం పుట్టిన రోజు నేనక్కడే ఉన్నాను.

రాష్ట్రం వస్తుందని ప్రకటన వచ్చిన రోజది. తార్నాక చౌరస్తా అంతా గులాలు, పటాకులు, డప్పులు. క్యాంపస్ పిల్లలు లారీల మీద ఎగురుతున్నారు. నేనూ కిందికి పోయి మొహమంతా గులాబీరంగు పూయించుకుని, మిఠాయి పెట్టెతో పైకొచ్చాను. మేడం ఒక ముక్క తిని, "ప్లాను కూడా ఇచ్చేశావు, రాష్ట్రం కూడా వచ్చింది. మాట మీద నిలబడ్డావు" అన్నారు. అప్పుడే మెట్ల మీద కర్ర చప్పుడైంది.

యాదమ్మ. వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, ఒక పడుచుపిల్ల. ఒంటికాలితో ఆ మెట్లెలా ఎక్కిందో నాకిప్పటికీ తెలియదు. కుర్చీలు వేశాను. ఆ పిల్ల కూర్చోలేదు.

"మేడం, మీరు మంచికే రాసిండ్రు. మేమేమంటలేం" అంది యాదమ్మ. "గని పనిల కెల్లి తీసేసిండ్రు. ఇంకో పని దొరుకుత లేదు. మేనేజరు సారు ఏమంటున్నడంటె, మేడం కాయితం వాపసు తీసుకుంటె మల్ల రమ్మంటన్నడు. అందుకొచ్చినం. గీడ ఎవ్వరుండరు అని మల్ల రాయుండ్రి మేడం."

మేడం వెంటనే మేనేజరుకు ఫోన్ చేశారు. ఆ వరసలో మామూలు లైట్లు వేయించండి, వీళ్లను పెట్టుకోండి, నేను ఏం కావాలంటే అది రాసిస్తాను అన్నారు. అతని గొంతు నాకూ వినబడుతోంది. "లైటేస్తె అది మనుషులుండే జాగ అయితది మేడం. అప్పుడు కిటికీలు గావాలె, బాత్రూం గావాలె, వీళ్ల పేర్లు రికార్డుల ఎక్కాలె. హెడ్డాఫీసోళ్లు ఒప్పుకోరు. మీరు వాపస్ తీస్కోండ్రి, రేపే పిలుస్త."

ఫోన్ పెట్టేసి మేడం ఆ పడుచుపిల్ల వైపు చూశారు. "ఈ అమ్మాయి ఎవరు?"

"నా కోడలు మేడం. నా జాగల ఇది కూసుంటది."

"మీ అత్త కాలు పోయింది అక్కడేనమ్మా. తెలుసా? భయం లేదూ?"

పిల్ల తల ఎత్తలేదు. "భయపడితె కడుపు నిండుతదా మేడం?" అంది.

నేను అడ్డుపడ్డాను. "రాయకుండ్రి మేడం. లేబర్ ఆఫీసుకు పోదం, పేపరోళ్లకు చెప్దం." యాదమ్మ నా మొహం మీది రంగు వైపు చూసి, "గవన్ని అయ్యేదాంక పొయ్యి ఎట్ల మండుతది సారూ?" అంది. కోపంగా కాదు. అడిగింది, అంతే. కింద పటాకులు ఆగకుండా పేలుతున్నాయి.

మేడం తెల్లకాగితం తీసుకున్నారు. మళ్లీ పరిశీలించగా సదరు వరసలో మనుషులెవరూ ఉండటం లేదని తెలిసింది, నా అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నాను అని రాశారు. పేరు రాసి సంతకం చేశారు. జీవితంలో వెతకకుండా రాసిన కాగితం అదొక్కటే అయి ఉంటుంది. కాగితం మడిచి యాదమ్మ చేతికిచ్చారు.

ఆడవాళ్ల మొహాలు తేటపడ్డాయి. దండాలు పెట్టారు. యాదమ్మ కర్రను గోడకు ఆనించి, బల్ల పట్టుకుని వంగి, మేడం కాళ్లు మొక్కబోయింది. మేడం ఉలిక్కిపడి రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కున్నారు. "వద్దు, వద్దమ్మా, వద్దు" అన్నారు. యాదమ్మకు అర్థం కాలేదు. మీ కడుపు సల్లగుండ మేడం అని దీవించి, కోడలి భుజం పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగి వెళ్లింది.

వాళ్లు రోడ్డు దాటేదాకా కిటికీలోంచి చూశాను. వెనక్కి తిరిగేసరికి మేడం అలాగే ఉన్నారు.

"ఒక్కరైనా తిట్టిపోవాల్సిందయ్యా" అన్నారు. కాళ్లు ఇంకా కుర్చీ మీదే ఉన్నాయి.